చిటిక పడని కాఫీ

ఆ వీధిలో పొద్దున్న ఏడు గంటల వేళ ఒక చిటిక వినబడేది. అది వినబడితేనే కాఫీపొడి అమ్మకం మొదలు. వినబడలేదా, కొట్టు ముందు ఎంతమంది నిలబడ్డా, వాళ్ళలో ఎంతటి ఆసామి ఉన్నా, కాటా పళ్ళెంలో పొడి పడేది కాదు.

చిటిక వేసే మనిషిని అందరూ చిటికత్త అనేవారు. అసలు పేరు పన్ను చీటీ మీద ఉందేమో, మనుషుల నోట్లో లేదు. కొట్టు వెనక గదిలో గింజలు వేపే డ్రమ్ము ఆమెది. ముందు గదిలో పొడి పట్టే మరా, కాటా, గల్లాపెట్టె ఆమె మొగుడివి. రెండు గదులకూ మధ్యన, కిటికీ వెలుతురులో బల్ల వేసుకుని పచ్చి గింజల్లో పుచ్చువీ, విరిగినవీ, రాళ్ళూ ఏరే పని ఆమె తోడికోడలిది.

మొదటి వాయి వేగి, జల్లెడ మీద చల్లారి, పొడి అయ్యాక, చెంచాడు పొడి మీద మరిగే నీళ్ళు పోసి వడగట్టి, చిన్న గ్లాసుతో మొగుడు ఆమె చేతికిచ్చేవాడు. పాలు లేవు, చక్కెర లేదు. ఆమె రెండు గదుల మధ్య గడప మీద, అందరికీ కనబడేట్టు నిలబడేది. ఒక్క గుక్క. నోట్లో ఉంచుకుని పైకప్పు వైపు చూసేది. మింగేది. కాఫీ కుదిరితే కుడిచెయ్యి ఎత్తి చిటిక వేసేది. కుదరకపోతే, "పావుగంట ఆగండి" అని లోపలికి పోయి, ఆ వాయిని బూడిద తొట్టిలో కుమ్మరించి ఇంకో వాయి ఎత్తేది. అలా పారబోసిన రోజులు ఏడాదికి రెండో మూడో ఉండేవి. ఆ రెండు మూడు రోజుల మీదే మిగతా రోజుల నమ్మకమంతా నిలబడింది.

ఆ చిటిక ఆమె సొంతం కాదు. అత్తగారిది. అత్తగారికి కాళ్ళు సహకరించనప్పుడు డ్రమ్ము పెద్దకోడలికే పోతుందని వీధి వీధంతా అనుకుంది. ఆమె ఎనిమిదేళ్ళు ముందొచ్చిన మనిషి, పనిమంతురాలు. అత్తగారు మాత్రం నెల్లాళ్ళ పాటు ఇద్దరు కోడళ్ళకీ రోజూ గ్లాసులిచ్చి తాగించి, చివరికి డ్రమ్ము చిన్నకోడలి చేతిలో పెట్టింది. పెద్దకోడలికి గింజలేరే బల్ల ఇచ్చింది. ఎందుకని ఎవరూ అడగలేదు. ఆవిడని అడిగే గుండె ఆ ఇంట్లో ఎవరికీ లేదు. అప్పటి నుంచీ ఇరవై ఏళ్ళుగా తోడికోడళ్ళిద్దరూ ఒకే కప్పు కింద, ఒకే పని మీద, ఒకరికొకరు అవసరమైనంత వరకే మాట్లాడుకుంటూ వచ్చారు. పోట్లాట లేదు. పోట్లాడుకుంటే ఎప్పుడో తేలిపోయేది.

చిటికత్తకి జ్వరం తగిలింది. వచ్చింది వచ్చినట్టు పోయే జ్వరం కాదు. పద్దెనిమిది రోజులు మంచానికి అతికించి ఉంచింది. తగ్గిన రోజు పొద్దున్నే మొగుడు కాఫీ తెచ్చిచ్చాడు. ఆమె ఒక గుక్క తాగి, "ఏమయ్యా, వేణ్ణీళ్ళు తెచ్చావేం?" అంది.

"వేణ్ణీళ్ళేంటే? కాఫీ. నిన్న నేనే వేపా."

"నువ్వు వేపావా? అయితే సరేలే."

ఆయన నవ్వుకుంటూ పోయాడు. ఆమె కూడా నవ్వింది. కాసేపయ్యాక గోడ పట్టుకుని వంటింట్లోకి పోయి, పాత వాయి పొడి ఉన్న డబ్బా మూత తీసి అందులోకి ముక్కు దూర్చింది. ఏమీ లేదు. డబ్బాలో ముక్కు పెట్టినట్టు లేదు, గోడకి పెట్టినట్టుంది. లవంగం కొరికింది; నాలుక చురుక్కుమంది తప్ప లవంగం రాలేదు. నిమ్మతొక్క, సబ్బు, కిరోసిన్ సీసా, వరసపెట్టి అన్నీ చూసింది. అన్నిటికీ ఒకటే వాసన, అంటే ఏ వాసనా లేదు.

ఆ సాయంత్రం నీరసానికి మందు తెచ్చుకుంటానని చెప్పి డాక్టరమ్మ దగ్గరికి ఒంటరిగా పోయింది. డాక్టరమ్మ చిన్నది, కానీ చుట్టుతిప్పుళ్ళు లేకుండా చెప్పింది.

"కొంతమందికి ఇలా అవుతుందమ్మా. రావచ్చు. నెల పట్టొచ్చు, ఏడాది పట్టొచ్చు."

"రాకపోతే?"

"రాకపోనూ వచ్చు. మీకు పనేంటి?"

"ఏదో, ఇంటిపని" అంది చిటికత్త.

మొగుడికి చెప్పలేదు. ఆయన మంచివాడే, కానీ నోట్లో నువ్వుగింజ నానదు. ఇవాళ చెబితే రేపు కాటా దగ్గర ఉప్పందిపోతుంది. తోడికోడలికి అసలే చెప్పలేదు. చెబితే డ్రమ్ము ఏమవుతుందో ఆమెకి తెలుసు. నాలుక లేని మనిషి డ్రమ్ము దగ్గర ఏం చేస్తుంది? బల్ల దగ్గర కూచుని గింజలేరుతుంది. బల్ల దగ్గరి మనిషి లేచి డ్రమ్ము దగ్గరికొస్తుంది. న్యాయం కూడా అదే. ఆ న్యాయం తలుచుకుంటేనే ఆమెకి గుండెలో రాయి పడ్డట్టయ్యేది.

జ్వరంలో ఉన్నన్నాళ్ళూ మొగుడు వేపిన కాఫీ తాగి జనం విసిగిపోయి ఉన్నారు. పక్క కొట్టు ఇస్త్రీ ఆయనైతే, "మీ ఆయన చేతి కాఫీ తాగి మా ఆవిడ ఏకంగా కాఫీ మానేసిందత్తా, ఖర్చు తగ్గింది, ఇంకో నెల మంచం మీదే ఉండు" అన్నాడు. పందొమ్మిదో రోజు పొద్దున్న ఆమె డ్రమ్ము దగ్గరికి వచ్చేసరికి వరస వీధి మలుపు దాటింది.

డ్రమ్ములో పది కిలోలు పోసింది. మంట పెట్టింది. చేతులు పనిని మర్చిపోలేదు. మొదట గింజలు గులకరాళ్ళలా గరగరలాడాయి, తర్వాత చప్పుడు మెత్తబడింది, పచ్చన పసుపైంది, పసుపు ఎర్రబడింది. టపటపమని మొదటి పేలుడు మొదలై, ఆగి, ఆ తర్వాత ఎండుపుల్లలు విరుస్తున్నట్టు రెండో పేలుడు సన్నగా వినబడగానే మూత తెరిచి జల్లెడ మీదికి వదిలింది. రంగు కుదిరింది. తూకం ఎనిమిదిన్నర, అదీ కుదిరింది. కానీ గది నిండా ఏళ్ళ తరబడి ఆమెని చుట్టుకుని ఉన్నదేదో ఆ రోజు లేదు. తన ఇంట్లో సామాన్లన్నీ ఉండి మనుషులు లేనట్టుంది.

గడప మీద నిలబడి గుక్క నోట్లో పోసుకుంది. బలపం నాకినట్టుంది. పైకప్పు వైపు చూసింది. కింద నలభై జతల కళ్ళు. మింగింది. చెయ్యి దానంతటదే లేచి చిటిక వేసేసింది.

"అదీ!" అన్నాడు ఇస్త్రీ ఆయన.

మర్నాడు వచ్చిన వాళ్ళంతా ఒకటే మాట. "ఎన్నాళ్ళకి కాఫీ తాగామత్తా!" "నువ్వు లేని పద్దెనిమిది రోజులూ గడ్డి మేశామనుకో." పోస్టాఫీసు గుమస్తా ఆచితూచి మాట్లాడే మనిషి, ఆయన కూడా, "మునుపటి కన్నా ఒక మెట్టు పైనే ఉంది" అన్నాడు. చిటికత్తకి మొదట ధైర్యం వచ్చింది. తన చెవీ కన్నూ చాలన్నమాట. నెమ్మదిగా ముక్కు అదే వస్తుంది. రాకపోయినా ఎవరికీ తెలియదు.

ఆమెకి మాత్రం కాఫీ అంటే మొహం మొత్తింది. రోజుకి ఐదు గ్లాసులు తాగే మనిషి. ఇప్పుడు ఆ పొద్దుటి గుక్క తప్ప నోట పెట్టేది కాదు. పక్కింట్లో కాఫీ ఇస్తే మొక్కకి పోసి ఖాళీ గ్లాసు ఇచ్చేది. తాగాలనే కోరికే చచ్చిపోయింది. ఇల్లు కాలిందన్నా ఇంత బాధపడేది కాదేమో. కాలిపోయిందని నలుగురికీ చెప్పుకుని ఏడవొచ్చు గదా.

అలా నెల దాటింది. ముప్పై ఐదో రోజో, ముప్పై ఆరో రోజో, వేపుతూ ఉంటే కళ్ళమ్మట నీళ్ళు కారాయి. జ్వరం తాలూకు నీరసం అనుకుని కొంగుతో తుడుచుకుంది. బల్ల దగ్గర్నుంచి తోడికోడలు తల ఎత్తింది.

"ఏమే, పొగ ఎక్కువగా లేదూ?"

ఆ ప్రశ్న చిటికత్తకి సూదిలా గుచ్చుకుంది. వాసన గురించి ఎవరేమన్నా ఆ రోజుల్లో అలాగే గుచ్చుకునేది.

"వేపే గదిలో పొగ రాక పూలవాసన వస్తుందా అక్కా? నువ్వు గింజలేరుకో."

తోడికోడలు గింజలేరుకుంది.

డ్రమ్ము మీంచి ఇంటి కప్పు దాటి పైకి పోయే పొగగొట్టం ఒకటుంది. గింజల మీద ఊడే పొట్టు గాలికి లేచి ఆ గొట్టంలో పేరుకుంటుంది. పేరుకుంటే పొగ పైకి పోక డ్రమ్ములోకే వెనక్కి తిరుగుతుంది. గొట్టం దులపడానికి ఆ కొట్లో ఏ రోజూ తేదీ పెట్టుకోలేదు. అత్తగారూ పెట్టుకోలేదు, ఆమే పెట్టుకోలేదు. పొగ వాసన కాస్త బరువెక్కితే ముక్కే చెప్పేది, ఇవాళ గొట్టం దులుపు అని. ముక్కు చెప్పే పనిని ఎవరైనా కాగితం మీద రాసుకుంటారా? రాసుకోలేదు. ముక్కు మూగబోయింది. గొట్టం పూడిపోయింది.

పొగ పట్టిన వాయి కూడా అదే రంగులో దిగింది. అలాగే పేలింది. అంతే తూగింది. మూడు రోజులు, రోజుకి ఐదు వాయిలు. మూడు రోజులూ చిటిక పడింది.

నాలుగో రోజు పొద్దున్న, అమ్మకం జోరుగా ఉండగా, తెల్లబట్టల మనిషి ఒకావిడ వరసని తోసుకుంటూ ముందుకొచ్చింది. దగ్గర్లోని ఆస్పత్రికి కొత్తగా వచ్చిన హెడ్ నర్సు. రాత్రి డ్యూటీ వాళ్ళందరికీ కలిపి పెద్ద పొట్లం తీసుకెళుతుంది. ఆ పొట్లాన్ని తెచ్చి కాటా పక్కన పెట్టింది.

"ఇదేం కాఫీయండీ? పొయ్యి పొగ తాగినట్టుంది. మావాళ్ళు తాగి పారబోశారు."

చిటికత్త మొగుడు కాటా మీద చెయ్యి అలాగే ఉంచి, "మా కొట్లోదేనా అమ్మా?" అన్నాడు.

"పొట్లం మీద మీ ముద్రే ఉంది కదండీ."

"చూడమ్మా," ఇస్త్రీ ఆయన అందుకున్నాడు, "కొత్తగా వచ్చినట్టున్నావు. ఇది చిటిక పడ్డ కాఫీ. మా తాతల నాటి నుంచి తాగుతున్నాం. లోపం కాఫీలో లేదు, కాచిన వాళ్ళలో ఉంది."

"గిన్నె మాడ్చుకుని ఉంటారు" అంది వెనక నుంచి ఒకావిడ.

"మందుల వాసన మధ్య తిరిగే వాళ్ళకి ముక్కు ఎక్కడ పనిచేస్తుందీ?" అన్నారు ఇంకెవరో. జనం ఘొల్లున నవ్వారు.

పోస్టాఫీసు గుమస్తా గొంతు సవరించుకున్నాడు. "నిన్న నేను మూడు సార్లు తాగాను. నా వరకు నాకు ఇంత మంచి కాఫీ ఈ మధ్య తగల్లేదు. నిండా ఓ రకమైన..." మాట కోసం వెతికి, "గాంభీర్యం ఉంది" అన్నాడు.

హెడ్ నర్సు మొహం కందగడ్డయింది. పొట్లం తీసుకోబోయింది. "నా నాలుకే తప్పేమో లెండి" అని వెనక్కి తిరిగింది.

ఇదంతా గడప మీద నిలబడి చూస్తోంది చిటికత్త. అప్పటికి నలభై రోజులుగా ఆమె భయపడ్డది ఒక్కదానికి, ఎవరైనా కనిపెడతారని. కనిపెట్టిన మనిషి ఇదిగో, తలొంచుకుని వెళ్ళిపోతోంది. కొట్టు నిండా మనుషులున్నారు, అందరికీ నాలుకలున్నాయి, ఒక్కరికీ పొగ తగల్లేదు. వీళ్ళు తాగుతున్నది కాఫీ కాదు, తన చిటికని. ఏ రుచీ తెలియని మనిషి వేసిన చిటికని గటగటా తాగి, రుచి తెలిసిన మనిషిని నవ్వి పంపేస్తున్నారు. తను ఇంకా నోరు మూసుకుంటే ఆ నవ్వులో తనదే పెద్ద వాటా.

"ఆగమ్మా" అంది.

నర్సు ఆగింది.

"పొట్లం ఇలా ఇవ్వు. నీ నాలుకకేం కాలేదు, బంగారంలా ఉంది. లేనిది నాకు." జనం వైపు తిరిగింది. "జ్వరం వచ్చిన కాడ్నించీ నాకు రుచి లేదు, వాసన లేదు. రోజూ పొద్దున్నే ఇక్కడ నిలబడి నేను తాగుతున్నది నాకు వేణ్ణీళ్ళు. రుచి తెలియకుండానే చిటిక వేస్తున్నా. ఆవిడ పొగ అందంటే పొగే."

ఇస్త్రీ ఆయన తల గోక్కున్నాడు.

"అంటే... నేను మొన్ననే అనుకున్నానత్తా. ఏదో తేడాగా ఉందని. పెద్దదానివి, ఏమంటాంలే అని."

"నాకూ గొంతులో గరగర అనిపించింది" అంది గిన్నె మాడ్చుకున్నారన్న ఆవిడ.

అందరికీ ఒక్కసారిగా పొగ జ్ఞాపకమొచ్చింది. గుమస్తా మాత్రం ఏమీ అనకుండా గోడ మీది క్యాలెండరు వైపు శ్రద్ధగా చూశాడు.

"ఇవాళ అమ్మకం లేదు" అంది చిటికత్త. "ఈ మూడు రోజుల పొడి ఇంట్లో ఉన్నవాళ్ళు తెచ్చి పారబోసిపోండి, రేపు బదులు పొడి ఇస్తాం. రేపు రండమ్మా" అని నర్సుతో కూడా చెప్పి లోపలికి పోయింది.

డ్రమ్ము చల్లారాక నిచ్చెన వేసుకుని గొట్టం విప్పింది. మొగుడు కింద బకెట్టు పట్టుకున్నాడు. పొట్టు కాదు, పేడకడిలా గట్టిపడిన నల్లటి ముద్ద రాలింది. రెండు బకెట్లు నిండాయి.

"నాకు ముందే ఒక్క ముక్క చెప్పొచ్చు కదే" అన్నాడాయన, ముఖమంతా మసితో.

"చెబితే ఏం చేసేవాడివి?"

"ఏం చేస్తానూ... రెండు నెలలు మూసేద్దామనే వాణ్ణి. ఇప్పుడైనా అదే మాట. నీకు ఒంట్లో బాగోలేదని చెబుతా. ముక్కొచ్చాక తెరుద్దాం."

"రాకపోతే?"

ఆయన బకెట్టు వైపు చూశాడు.

"ముక్కొస్తుందని కూచుంటే చేతులు కూడా పోతాయి" అంది. "డ్రమ్ము ఆగదు. నేనూ దాని దగ్గర్నుంచి లేవను. రేపు పొద్దున్నే వాయి దిగుతుంది."

"దిగితే రుచి ఎవరు చూస్తారు? నేనా? నా సంగతి జనానికి తెలుసు."

ఆమె నిచ్చెన దిగి, చేతులు కడుక్కుని, మెట్ల వైపు నడిచింది. పైనుండేది తోడికోడలు. ఇరవై ఏళ్ళలో ఏదన్నా పనుంటే కేక వేసేదే తప్ప, ఆ మెట్లెక్కి పోయి అడిగిన సందర్భం చిటికత్తకి గుర్తులేదు. మెట్లు పదకొండే. పదకొండూ లెక్కపెట్టుకుంటూ ఎక్కింది.

తోడికోడలు ఉతికిన బట్టలు మడతలు పెడుతోంది. తలెత్తకుండానే, "కూచో" అంది.

చిటికత్త కూచోలేదు. "పొగ సంగతి నీకు తెలుసు."

"చెప్పా గదా. గింజలేరుకోమన్నావు."

"ఆ తర్వాత మూడు రోజులు?"

"మూడు రోజులూ గింజలేరుకున్నా."

చిటికత్తకి నవ్వొచ్చింది, ఏడుపూ వచ్చింది, రెండూ రానివ్వలేదు. "నాకు నాలుక లేదని ఎప్పటి నుంచి తెలుసు?"

తోడికోడలు దుప్పటి అంచులు కలిపి మోకాలి మీద సరిచేసుకుంది. "నువ్వు మంచం దిగిన వారానికి. ఆ రోజు కూర అడుగంటింది. మీ ఆయన ముద్ద నోట్లో పెట్టుకోలేక కంచం తోసేశాడు. నువ్వు మాడు గీకి మరీ వేసుకుని తిన్నావు."

"అప్పుడే అడగొచ్చుగా?"

"అడిగితే? డ్రమ్ము కోసం అడిగిందంటావు. నువ్వు అనకపోయినా వీధి అంటుంది. ఇరవై ఏళ్ళు నోరు మూసుకున్నదాన్ని, ఆ ఒక్క మాట ఇప్పుడెందుకు పడాలనుకున్నా."

చిటికత్త అప్పుడు కూచుంది. బయట ఎవరో సైకిలు గంట కొట్టుకుంటూ పోయారు.

"అక్కా, డ్రమ్ము కావాలా నీకు? ఉన్నమాట చెప్పు."

తోడికోడలు దుప్పటి పక్కన పెట్టింది. "ఒకప్పుడు కావాలనుకున్నా. ఇప్పుడు ఈ భుజంతో పది కిలోలు ఎత్తిపోయడం నా వల్ల కాదు. ఆ పేలుళ్ళూ, ఆ రంగులూ నాకు తెలియవు. అది నీ పని."

"నా పని సగమే మిగిలింది. మిగతా సగం నీ దగ్గరుంది. వచ్చి గడప మీద నిలబడు."

"నిలబడి చిటికలు వెయ్యాలా? నా వల్ల కాదమ్మా ఆ నాటకం."

"వెయ్యొద్దు. ఎలా ఉందో చెప్పు చాలు."

"బాగోకపోతే బాగోలేదంటా. అంతమందిలో అంటా. నీకు తలకొట్టేసినట్టు ఉంటుంది."

"ఉండనీ."

"పారబొయ్యమంటే పారబోస్తావా? నీ కన్నూ చెవీ బాగుందని చెప్పినా సరే?"

తన డ్రమ్ము గురించి ఇంకొకరి మాట వినడం చిటికత్తకి అలవాటు లేని పని. "పారబోస్తా" అంది చివరికి. దిగేటప్పుడు మెట్లు లెక్కపెట్టలేదు.

మర్నాడు వరస మలుపు దాకా లేదు. పాతికమంది ఉంటారు, సగంమంది తమాషా చూడ్డానికే వచ్చారు. హెడ్ నర్సు ముందే వచ్చి ఒక పక్కగా నిలబడింది. ఇస్త్రీ ఆయన పెట్టెలో బొగ్గులు రాజేసి వదిలేసి వచ్చాడు.

ఆ వాయిని చిటికత్త ప్రాణం పెట్టి వేపింది. గొట్టం శుభ్రంగా ఉంది. పచ్చ, పసుపు, ఎరుపు, అన్నీ వేళకి వచ్చాయి. రెండో పేలుడు సన్నగా మొదలవగానే దించింది. అంత నున్నటి, ఒకే రంగు వాయి ఆ ఏడాదిలో దిగలేదు. చూసిన కన్ను మెచ్చుకుంది, విన్న చెవి మెచ్చుకుంది. గ్లాసు తోడికోడలి చేతికిచ్చి, తను పక్కన నిలబడింది.

తోడికోడలు గడప మీద నిలబడ్డ తీరు చూస్తే పారిపోయేలా ఉంది. గుక్క తాగింది. ఇంకో గుక్క తాగింది.

"కాదు" అంది. గొంతు పీలగా వచ్చింది. మళ్ళీ గట్టిగా అంది. "ఇది కాదు."

"ఏంటి కాదు?" అన్నాడు చిటికత్త మొగుడు. "వదినా, సరిగ్గా చూడు. చూస్తేనే తెలుస్తోంది మేలు వాయి. పొగ కూడా లేదు!"

"పొగ కాదు మరిదీ. ఏదో... తడిగుడ్డ మూలన పడేసినట్టు. చెప్పడం రావట్లేదు. కానీ ఉంది."

"తడిగుడ్డేంటి కాఫీలో" అని వెనక ఎవరో కిసుక్కున నవ్వారు. తోడికోడలు చెవులు ఎర్రబడ్డాయి. కానీ గడప దిగలేదు.

చిటికత్త జల్లెడ వైపు చూసింది. ఎనిమిదిన్నర కిలోలు, ఒక్కో గింజా నూనె రాసినట్టు నిగనిగలాడుతోంది. ఇది బాగోలేదని ఒప్పుకోవడానికి ఆమె దగ్గర ఏ ఆధారమూ లేదు. కళ్ళు ఒప్పుకోవట్లేదు. చెవులు ఒప్పుకోవట్లేదు. ఇరవై ఏళ్ళ పనితనం ఒప్పుకోవట్లేదు. లోపల ఎక్కడో ఒక దుర్మార్గపు గొంతు, చూశావా, కావాలనే అంటోంది, అని కూడా అంది. ఆ గొంతుని ఆమె విన్నది. విని, జల్లెడ రెండు చెవులూ పట్టుకుని ఎత్తింది.

"ఏమే! బంగారంలాంటి వాయే!" మొగుడు అడ్డం రాబోయాడు.

"తప్పుకో."

అందరూ చూస్తుండగా బూడిద తొట్టి దాకా మోసుకెళ్ళి, ఆఖరి గింజ దాకా కుమ్మరించింది. ఎవరూ నవ్వలేదు. జల్లెడ దులిపి యథాస్థానంలో పెట్టింది.

ఆ తర్వాత పచ్చి గింజల బస్తా దగ్గరికి పోయింది. పొద్దుటి వాయికి గింజలు ఆ బస్తాలోంచే తీసింది. మోచేతి దాకా చెయ్యి దూర్చింది. పైన వెచ్చగా, పొడిగా ఉన్నాయి. అడుక్కి పోయేసరికి వేళ్ళకి చల్లగా తగిలింది. బస్తా ఒరగజేసి చూస్తే, గోడ వైపు గోనె చెమ్మగిల్లి ఉంది. గోడలో నీళ్ళ గొట్టం ఎక్కడో ఊరుతోంది. మునుపైతే గదిలో అడుగుపెట్టగానే ముక్కు ఈ సంగతి చెప్పేసేది.

"ఇంతకీ ఏముందత్తా?" అన్నాడు ఇస్త్రీ ఆయన.

"మీరు నవ్విన తడిగుడ్డ" అంది చిటికత్త. చెమ్మ గింజలు దోసిట్లో తెచ్చి కాటా పళ్ళెంలో పోసింది. హెడ్ నర్సు ముందుకొచ్చి ఒక గింజ వాసన చూసి, మొహం చిట్లించి, పక్కావిడకిచ్చింది. ఆవిడ ఇంకొకరికిచ్చింది. గింజ చేతులు మారి మారి పోస్టాఫీసు గుమస్తా దాకా పోయింది. ఆయన కళ్ళు మూసుకుని చాలాసేపు చూసి, "నిజమే, వానాకాలంలో మా రికార్డు గది వాసన" అన్నాడు. ఆయన జీవితంలో సొంతంగా చెప్పిన మొదటి రుచి అదేనేమో, చెప్పాక చుట్టూ కాస్త గర్వంగా చూశాడు.

"పావుగంట ఆగండి" అంది చిటికత్త.

"ఆగుతాం గానీ త్వరగా కానియ్యి, నా బొగ్గులు ఆరిపోతున్నాయి."

"ఆరితే ఊదుకో."

రెండో బస్తా విప్పి, అడుగు దాకా చెయ్యి పెట్టి చూసుకుని, పది కిలోలు ఎత్తి డ్రమ్ములో పోసింది. ఈసారి తోడికోడలు బల్ల దగ్గరికి పోలేదు. గడప మీదే గొంతుక్కూచుంది. వాయి దిగింది, చల్లారింది, పొడి అయింది. గ్లాసు వచ్చింది.

తోడికోడలు తాగింది. "బాగుంది" అంది.

జనం కదిలారు. మొగుడు కాటా అందుకున్నాడు. చిటికత్త అతని మణికట్టు పట్టుకుని ఆపింది.

"బాగుంది అంటే కుదరదక్కా. ఎలా బాగుంది?"

"బాగుంటే బాగుందంటారు, ఇంకేమంటారే?"

"నాకు తెలియదు, అందుకే అడుగుతున్నా. నాలుక మీద ముందు ఏం తగిలింది?"

"చేదు."

"ఎలాంటి చేదు? మందు చేదా, మాడు చేదా?"

"అబ్బా... మందు కాదు. కాల్చిన తొక్క చేదు. అదీ కొంచెమే."

"మింగాక?"

తోడికోడలు విసుగ్గా మూడో గుక్క తాగింది. ఆ విసుగు మొహంలోనే మెల్లగా ఏదో ఆలోచన కదిలింది. "మింగాక గొంతులో తియ్యగా ఏదో వచ్చినట్టే వచ్చి ఆగిపోతోంది. పూర్తిగా రావట్లేదు. తలుపు దాకా వచ్చి లోపలికి రాకుండా వెళ్ళిపోయే చుట్టంలా."

చిటికత్త కళ్ళు మూసుకుంది. ఆ తీపి ఆమెకి తెలుసు; నోటికి లేదు గానీ మనసుకుంది. అది గింజలో లోపల ఎక్కడ దాక్కుంటుందో, మంట ఏ నిమిషంలో దాన్ని తినేస్తుందో తెలుసు.

"ఆలస్యంగా దించాను" అంది. "రేపు అర నిమిషం ముందు దించుతా. అప్పుడు లోపలికొస్తుంది."

"రేపటి సంగతి రేపు చూద్దాం గానీ," అంది తోడికోడలు, గ్లాసులో మిగిలింది కూడా తాగేస్తూ, "ఇవాళ్టిది తాగొచ్చు. ముందు ఆ నర్సమ్మని పంపు, పాపం రాత్రంతా నిద్ర లేనట్టుంది."

చిటికత్త మొగుడి చెయ్యి వదిలేసి, తర్వాతి వాయికి గింజలు ఎత్తడానికి లోపలికి పోయింది.